మునిగి తేలెడి పడవ

నీటిలో మునుగుట కష్టము కాదు. రాయి కూడ మునుగును. నీటిపై తేలుటయు కష్టము కాదు; ఎండుటాకు కూడ తేలును. మునిగి, కోరినంతసేపు నీటి లోపల ఉండి, తలచినప్పుడు మరల పైకి వచ్చుట మాత్రము కష్టమైన పని. చేపలలో పెక్కు జాతులకు కడుపులో గాలి నిండిన తిత్తి యొకటి యుండుటచేత అవి ఈ పనిని పుట్టుకతోనే ఎరుగును. మానవుడు దానిని లెక్కలు కట్టి నేర్చుకొనెను. ఆ లెక్కకు ఫలమే జలాంతర్గామి.

నూతినుండి నీరు తోడువారు ఈ లెక్కలో సగభాగమును ప్రతిదినము చూచుచునే యుందురు. త్రాటికి కట్టిన ఖాళీ బిందె నూతిలోనికి దిగగానే నీటిమీద తేలును. త్రాటిని కదిపి బిందెను ఒరగజేసినచో మూతినుండి నీరు లోనికి ప్రవేశించును, బుడబుడమను చప్పుడుతో గాలి వెడలిపోవును, బిందె మునుగును. బిందె యొక్క ఇత్తడి మారలేదు, ఆకారము మారలేదు. గాలి ఉన్నచోట నీరు చేరినది, అంతే. జలాంతర్గామి మునుగుటకు కూడ ఇదియే కారణము. కాని బిందెను పైకి లాగుటకు త్రాడు కలదు. జలాంతర్గామికి త్రాడు లేదు. అది తనంతట తానే పైకి రావలెను. అందుచేత దానిలోనికి ఎంత నీటిని రానీయవలెను అను ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. సముద్రములో తిరుగు పెద్ద జలాంతర్గామికిని, బడిపిల్లలు చెరువులో విడుచు బొమ్మ జలాంతర్గామికిని ఈ ప్రశ్న ఒక్కటే. జవాబును కనుగొను పద్ధతియు ఒక్కటే.

క్రీ. పూ. మూడవ శతాబ్దమున సిసిలీ ద్వీపమందలి సిరక్యూస్ నగరములో ఆర్కిమిడీస్ అను గొప్ప గణితవేత్త యుండెను. నీటిలో ముంచబడిన ప్రతి వస్తువును నీరు పైకి నెట్టుననియు, ఆ బలము ఆ వస్తువుచే తొలగింపబడిన నీటి బరువునకు సమానమనియు ఆయన నిరూపించెను. దీనికే ఉత్ప్లవన బలము అని పేరు. వస్తువు బరువు ఈ బలముకంటె ఎక్కువయైనచో అది మునుగును, తక్కువయైనచో తేలును, రెండును సమానమైనచో నీటిలో ఉంచినచోటనే నిలుచును. ఒక ఘన సెంటీమీటరు మంచినీరు ఇంచుమించు ఒక గ్రాము తూగును. ఈ ఒక్క సంబంధము జ్ఞాపకముంచుకొన్నచో ఘనపరిమాణమునుండి బరువును, బరువునుండి ఘనపరిమాణమును తెలిసికొనవచ్చును. ఇక ముందు వచ్చు లెక్కలన్నియు దీనిపైననే ఆధారపడియున్నవి.

తేలుచున్న వస్తువు తన బరువునకు సరిపడు నీటిని మాత్రమే తొలగించును. మిగిలిన భాగము నీటిపైన నిలుచును. ఆ పైభాగము కూడ మునుగవలెనన్నచో పరిమాణమును తగ్గింపవలెను. లేదా బరువును పెంచవలెను. గట్టి దేహముగల ఓడ పరిమాణము మారదు. కావున బరువునే పెంచవలెను. ఆ బరువు కోరినప్పుడు చేర్చుటకును, కోరినప్పుడు తీసివేయుటకును అనువైనదిగా నుండవలెను. నడిసముద్రమున అట్టి బరువు నీరే తప్ప వేరొకటి లేదు. ఓడ నిలకడకై మోయు బరువును నావికులు బాలాస్టు అందురు. వెలుపలి నీటిని లోనికి తీసికొని, మరల వెలుపలికి పంపుటకు జలాంతర్గామిలో ఏర్పరచిన తొట్టికి బాలాస్టు తొట్టి యని పేరు.

ఈ యుపాయము కొత్తది కాదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలమున డేవిడ్ బుష్నెల్ అను నతడు ‘టర్టిల్’, అనగా తాబేలు, అను పేరుగల చిన్న జలాంతర్గామిని కొయ్యతో నిర్మించెను. అందులో ఒక్క మనుష్యుడు మాత్రమే కూర్చుండగలడు. అతడు కాలితో కవాటమును త్రొక్కగా నీరు అడుగుభాగమున చేరెడిది. చేతి పంపులను ఆడింపగా ఆ నీరు వెలుపలికి పోయెడిది. పంపులు పనిచేయకున్నచో విడిచివేయుటకై సుమారు 90 కిలోగ్రాముల సీసమును పడవ అడుగున ప్రత్యేకముగా అమర్చిరి. 1776వ సంవత్సరమున ఈ పడవ న్యూయార్కు రేవులో ఒక ఆంగ్ల యుద్ధనౌక అడుగునకు చేరెను. ఆ నౌకకు మందుగుండు తగిలించుట సాధ్యము కాలేదు గాని, పడవను నడిపిన సైనికుడు ప్రాణములతో తిరిగి వచ్చెను. మునుగుటకంటె తేలుటనుగూర్చియే బుష్నెల్ ఎక్కువగా ఆలోచించెనని ఆ సీసపు ఏర్పాటు తెలుపుచున్నది.

తెలుగువారికి జలాంతర్గామిని కన్నులార చూచు అవకాశము విశాఖపట్టణమున కలదు. 1969వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన భారత నౌకాదళమున చేరిన ‘కుర్సురా’ 2001వ సంవత్సరమున విరమణ పొందెను. 2002వ సంవత్సరమునుండి అది సముద్రతీరమున ప్రదర్శనశాలగా నిలిచియున్నది. దాని పొడవు సుమారు 91 మీటర్లు. అది నీటిపై తేలుచున్నప్పుడు సుమారు 1,950 టన్నుల నీటిని, పూర్తిగా మునిగినప్పుడు సుమారు 2,475 టన్నుల నీటిని తొలగించెడిది. ఈ రెండు సంఖ్యల భేదము 525 టన్నులు. తేలుచున్న ఓడ మునుగుటకై చేరవలసిన నీటి బరువు ఇంచుమించు ఇంతయే. ఓడలను గూర్చిన పుస్తకములలో ప్రతి జలాంతర్గామికిని ఇట్లు రెండు బరువులు వ్రాయబడియుండును. వాని భేదమును చూచినచో బాలాస్టు తొట్ల పరిమాణము స్థూలముగా తెలియును.

ఇందుండి ఒక సూత్రము లభించుచున్నది. తేలుచున్న జలాంతర్గామిలో నీటికి పైన కనబడు భాగము యొక్క ఘనపరిమాణమెంతయో, తొట్టిలో చేరవలసిన నీటి ఘనపరిమాణమును అంతయే. ఓడ ఎంత పొడవైనది, ఎంత బరువైనది అనునవి తొట్టి కొలతను నేరుగా నిర్ణయింపవు. నీటి గీతకు పైన ఏమి మిగిలియున్నది అనునదే నిర్ణయించును. నీటిపైన ఎక్కువగా తేలు ఓడకు పెద్ద తొట్టి కావలెను. ఇంచుమించు మునిగియే తేలు ఓడకు చిన్న తొట్టి చాలును.

ఈ సూత్రమును ఒక ఉదాహరణముతో పరీక్షింపవచ్చును. ఒక విద్యార్థి 7.5 సెంటీమీటర్ల వెలుపలి వ్యాసము, 60 సెంటీమీటర్ల పొడవు గల ప్లాస్టిక్కు గొట్టముతో బొమ్మ జలాంతర్గామిని చేయ దలచినాడని భావింపుడు. గొట్టము రెండు కొనలకును అర్ధగోళాకారపు మూతలున్నవి. పైన 8 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు గల చిన్న గోపురమున్నది. గొట్టము ఘనపరిమాణము సుమారు 2,650 ఘన సెంటీమీటర్లు. రెండు అర్ధగోళములును కలిసి ఒక గోళమగును. దాని ఘనపరిమాణము సుమారు 220. గోపురము 120. మొత్తము 2,990 ఘన సెంటీమీటర్లు. అనగా ఈ పడవ పూర్తిగా మునిగినప్పుడు 2,990 గ్రాముల నీటిని తొలగించును.

పడవ తేలునప్పుడు గొట్టము పైభాగము 1.5 సెంటీమీటర్ల ఎత్తున నీటిపైన కనబడవలెనని ఆ విద్యార్థి కోరినాడు. ఆ భాగము ఎంతయో తెలిసికొనుటకు కష్టమైన గణితము అక్కరలేదు. గళ్ళ కాగితముపై 7.5 సెంటీమీటర్ల వ్యాసముగల వృత్తమును గీసి, పైనుండి 1.5 సెంటీమీటర్ల దిగువను అడ్డుగీత గీయవలెను. ఆ గీతకు పైన నున్న గళ్ళను లెక్కించినచో సుమారు 6.3 చదరపు సెంటీమీటర్లు వచ్చును. దానిని గొట్టము పొడవైన 60తో హెచ్చింపగా 378 ఘన సెంటీమీటర్లగును. మూతలలో నీటిపైన నుండు భాగము సుమారు 22. ఈ రెండును కలిసి 400. గోపురము పూర్తిగా నీటిపైననే యున్నది, అది 120. అంతయు కలిపినచో 520. కావున ఈ పడవ మునుగుటకు 520 ఘన సెంటీమీటర్ల నీరు కావలెను. ఖాళీ తొట్టితో నున్న పడవ బరువు 2,990లో 520 పోగా మిగిలిన 2,470 గ్రాములుగా నుండవలెను. గొట్టము, మూతలు, మోటారు, బ్యాటరీలు కలిసి 1,700 గ్రాములే తూగినచో, మిగిలిన 770 గ్రాములను సీసపు ముక్కలతో నింపవలెను. గొట్టము తేలికగా నున్నదని సంతోషించి సీసమును మానినచో పడవ నీటిపైన మిక్కిలి ఎత్తుగా తేలును. అప్పుడు ఈ తొట్టి దానిని ముంచజాలదు.

గోపురము విషయమున ఒక జాగ్రత్త అవసరము. అది నీరు చొరని మూసిన పెట్టెయైనచో పై లెక్క సరియైనది. అది అడుగున రంధ్రములు గల డొల్ల యైనచో మునుగునప్పుడు నీరు దానిలోనికి తనంతట తానే ప్రవేశించును. అప్పుడు 120 ఘన సెంటీమీటర్లను లెక్కింపరాదు. గోపురపు గోడల ప్లాస్టిక్కు ఎంత చోటు ఆక్రమించునో అంతయే లెక్కింపవలెను. అది 20 ఘన సెంటీమీటర్లైనచో పడవ మొత్తము ఘనపరిమాణము 2,890. కావలసిన నీరు 420 మాత్రమే. ఈ భేదమును గమనింపక 505 గ్రాముల నీటిని నింపినను, పడవ తాను తొలగించు నీటికంటె 85 గ్రాముల ఎక్కువ బరువుతో చెరువు అడుగునకు చేరును. గాలి నిలిచియుండు చోటును మాత్రమే లెక్కింపవలెను గాని, కంటికి కనబడు ఆకారమును లెక్కింపరాదు.

ఆకారము వంకరటింకరగా నున్న పడవను ఇట్లు కొలుచుట కష్టము. అట్టివారికి తక్కెడ సాయపడును. నీరు చొరకుండ మూసిన పడవను తొట్టి ఖాళీగా నుండగనే పెద్ద గంగాళములో తేలవేయవలెను. పైన కొలిచిన తూకపురాళ్ళ నుంచుచు పోవలెను. గోపురపు కొన నీటి మట్టమునకు సరిగా వచ్చునట్టి బరువు ఎంతయో వ్రాసికొనవలెను. తరువాత ఒక్కొక్క రాయిని తీసివేయుచు, పడవ కోరిన నీటి గీతకు లేచువరకు ఆగవలెను. తీసివేసిన రాళ్ళ బరువు గ్రాములలో ఎంతయో, కావలసిన నీరు ఘన సెంటీమీటర్లలో అంతయే. రాళ్ళు నీటిలో మునుగకుండ పడవపైన నిలుచునట్లు చూడవలెను. మునిగిన రాయి తాను తొలగించిన నీటి మేరకు తేలికగును గనుక లెక్క తప్పును. గళ్ళ కాగితపు లెక్కయు, తక్కెడ లెక్కయు సరిపోలినచో నిర్మాత నిశ్చింతగా నుండవచ్చును. సరిపోలనిచో తక్కెడ మాటనే నమ్మవలెను.

ఇప్పుడు తొట్టిని సరిగా 520 ఘన సెంటీమీటర్లకే చేయవలెనా? చేయరాదు. అంత నీరు నిండినచో పడవ బరువును నీటి బలమును సమానమగును. అప్పుడు ఏ చిన్న భేదము కలిగినను, ఒక నీటిబొట్టు లోనికి కారినను, పడవ అడుగునకు దిగుట ప్రారంభించును. దానిని ఆపునది ఏదియు లేదు. అందుచేత కొంత తేలిక మిగుల్చుకొనవలెను. ఈ పడవకు 15 గ్రాముల తేలిక చాలును. కావున తొట్టి 505 ఘన సెంటీమీటర్లుగా నుండవలెను. తొట్టి పూర్తిగా నిండినప్పుడు గోపురపు కొన సుమారు 6 మిల్లీమీటర్లు మాత్రమే నీటిపైన కనబడును. అప్పుడు మోటారు నడచుచుండగా ప్రక్క రెక్కలను కొంచెము క్రిందికి వంచినచో పడవ నీటిని చీల్చుకొనుచు లోనికి పోవును. మోటారు ఆగినచో మిగిలిన 15 గ్రాముల తేలికయే దానిని పైకి తెచ్చును. జాన్ హాలండ్ అను నిర్మాత తన జలాంతర్గాములలో ఈ నియమమునే పాటించెను. తొట్లను నింపియు కొంత తేలికను మిగుల్చుకొని, రెక్కల బలముతో మునుగునట్టి ఆయన ఓడను 1900వ సంవత్సరమున అమెరికా నౌకాదళము కొనెను.

పెద్ద తొట్టిని చేసి, అందులో కావలసినంత నీటినే నింపిన నేమి యని కొందరికి తోచవచ్చును. ఇది చూచుటకు తెలివైన యుపాయముగా కనబడును. కాని ఇందులో రెండు అపాయములున్నవి. మొదటిది నీటి కదలిక. సగము నిండిన కడవను నెత్తిన పెట్టుకొని నడచువారికి ఆ కష్టము తెలియును. పడవ ముక్కు కొంచెము వంగినచో తొట్టిలోని నీరంతయు ముందునకు పరుగెత్తును. ముక్కు మరింత వంగును. మరింత నీరు ముందునకు చేరును. తుదకు పడవ నిలువుగా తలక్రిందై దిగిపోవును. నిండిన తొట్టిలో నీరు కదలుటకు చోటుండదు.

రెండవ అపాయము కంటికి కనబడనిది. తొట్టి అడుగున రంధ్రములుండి, పైన గాలి చిక్కుకొనియున్నచో, లోతునకు పోయినకొలది వెలుపలి నీరు ఆ గాలిని నొక్కును. ప్రతి 10 మీటర్ల లోతునకు నీటి పీడనము ఇంచుమించు ఒక వాతావరణ పీడనమంత పెరుగును. ఒక మీటరు లోతున గాలి తన పరిమాణములో పదునొకండవ వంతును కోల్పోవును. 750 ఘన సెంటీమీటర్ల తొట్టిలో 505 ఘన సెంటీమీటర్ల నీరు నింపినచో 245 ఘన సెంటీమీటర్ల గాలి మిగులును. ఒక మీటరు లోతున ఆ గాలి 22 ఘన సెంటీమీటర్లు కుంచించుకొని, అంత నీరు లోనికి ప్రవేశించును. మిగుల్చుకొన్న తేలిక 15 గ్రాములు. చేరిన బరువు 22 గ్రాములు. ఇక పడవ పైకి రాదు. క్రిందికి పోయినకొలది గాలి ఇంకను కుంచించును. బరువు ఇంకను పెరుగును. నీటిపైన చక్కగా తేలిన పడవ, కొంచెము లోతునకు పోగానే ఎవరో లాగినట్లు అడుగునకు పోవుటకు కారణమిదియే. చిన్న తొట్టి గల పడవ మునుగకపోవును. దానిని మరల దిద్దుకొనవచ్చును. పెద్ద తొట్టి గల పడవ మునిగి తిరిగి రాకపోవును. దానిని దిద్దుకొనుటకు చేతికి చిక్కదు. కావున సందేహము కలిగినప్పుడు తొట్టిని చిన్నదిగనే చేసి, లోటును సీసపు గుండ్లతో సరిచేసికొనుట మేలు.

కొలత సరిపోయిన తరువాత తొట్టిని ఎచ్చట నుంచవలెనో ఆలోచింపవలెను. ముందు భాగమున నుంచినచో నీరు నిండగానే ముక్కు దిగును. వెనుక నుంచినచో తోక దిగును. పడవ సమముగా మునుగవలెనన్నచో తొట్టి నడుమ నుండవలెను. ఈ గొట్టము లోపలి వ్యాసము 7 సెంటీమీటర్లైనచో, నడుమ రెండు అడ్డుగోడలను అతికించి ఆ భాగమునే తొట్టిగా చేయవచ్చును. ముందు గదిలో బ్యాటరీలు, వెనుక గదిలో మోటారు ఉండును. వాని తీగలు పోవుటకు ఒక సెంటీమీటరు లావుగల సన్నని గొట్టమును తొట్టిగుండ అమర్చవలెను. అది ఆక్రమించు చోటును తీసివేసినచో అడ్డుగోడల నడుమ దూరము 13.4 సెంటీమీటర్లు కావలెను. ఆ దూరమున తొట్టిలో 505 ఘన సెంటీమీటర్ల నీరు పట్టును.

సీసమునంతటిని అడుగుననే ఉంచవలెను. నీటిపైన తేలు ఓడను దాని వెడల్పు కొంతవరకు నిలబెట్టును. మునిగిన ఓడకు ఆ సాయము లేదు. ఓడ గరిమనాభి, అనగా దాని బరువంతయు కేంద్రీకరించినట్లు తోచు బిందువు, నీరు పైకి నెట్టెడు బలము యొక్క కేంద్రమునకు దిగువ నుండవలెను. అట్లు లేనిచో పడవ నీటి లోపల బోరగిలపడును. సీసమును గొట్టము వెలుపల తగిలించినచో అది తొలగించు నీటిని కూడ లెక్కింపవలెను. 100 గ్రాముల సీసము నీటిలో సుమారు 91 గ్రాముల బరువు మాత్రమే చూపును.

నీటిని నింపుటకును, వెడలగొట్టుటకును సులభమైన మార్గము రబ్బరు గొట్టము. తొట్టి అడుగున రెండు మూడు రంధ్రములు చేసి, పైన మిక్కిలి ఎత్తైన చోట సన్నని రబ్బరు గొట్టమును అతికించి, దాని రెండవ కొనను ఒడ్డున చేత పట్టుకొనవలెను. ఆ కొనను నొక్కి పట్టినంతవరకు గాలి తప్పించుకొనలేదు; నీరు లోనికి రాలేదు; పడవ తేలును. కొనను విడిచినచో గాలి వెడలిపోయి నీరు నిండును. మరల నోటితో ఊదినచో నీరు అడుగు రంధ్రములనుండి పోవును. పడవ పైకి లేచును. లోతు ఎక్కువైనచో ఊపిరి చాలదు. అప్పుడు సైకిలు పంపును వాడవచ్చును. గొట్టము పై భాగముననే యుండవలెనని మరువరాదు. ప్రక్కన నుంచినచో పైమూలలో గాలి చిక్కుకొని తొట్టి నిండదు.

మొదటి పరీక్ష చెరువులో కాక గంగాళములోనో, నీటి కుండీలోనో జరుగవలెను. ఖాళీ తొట్టితో పడవ కోరిన నీటి గీతకు తేలుచున్నదా, నిండిన తొట్టితో గోపురపు కొన మాత్రమే కనబడుచున్నదా, ముక్కును తోకయు సమముగా నున్నవా, అర్ధగంట యుంచిన తరువాత గదులలో తడి చేరినదా అని వరుసగా చూడవలెను. అన్నియు సరిగా నున్న తరువాతనే పడవకు గట్టి దారము కట్టి, పెద్దల సమక్షమున లోతు తక్కువైన నీటిలో విడువవలెను.

ఒక నీటిలో సరిపోయిన లెక్క వేరొక నీటిలో సరిపోవునని నమ్మరాదు. సముద్రపు నీరు మంచినీటికంటె వందకు రెండున్నర పాళ్ళు బరువైనది. 2,990 ఘన సెంటీమీటర్ల ఈ పడవను సముద్రపు నీరు 75 గ్రాములు ఎక్కువ బలముతో పైకి నెట్టును. చెరువులో చక్కగా మునిగిన పడవ విశాఖ తీరమున మునుగక మొండికేయును. సముద్రపు నీటికి సరిచేసిన పడవను చెరువులో విడిచినచో తొట్టి నిండగానే అడుగునకు పోవును. ఎండవేడిమి కూడ ఇట్టి మార్పునే కలిగించును. 20 డిగ్రీల నీటికంటె 30 డిగ్రీల నీరు తేలికైనది; ఈ పడవకు ఆ భేదము ఏడెనిమిది గ్రాములుండును. మిగుల్చుకొన్న 15 గ్రాములలో సగము ఎండకే పోవును. నదులు కలియుచోట సముద్రములో ఉప్పు తగ్గును. అట్టి తావులలో తిరుగు పెద్ద జలాంతర్గాములు కూడ తమ బరువును ఎప్పటికప్పుడు సరిచేసికొనవలసియుండును. దానికై ప్రధానమైన తొట్లు కాక చిన్న తొట్లు వేరుగా నుండును.

కొలత తప్పుట బాలురకే జరుగునని తలపరాదు. స్పెయిను దేశము తన నౌకాదళమునకై కొత్త రకపు జలాంతర్గాములను నిర్మించుచుండగా, మొదటి ఓడ ఉండవలసిన బరువుకంటె 75 టన్నులకు పైగా ఎక్కువ బరువు కలదని 2013వ సంవత్సరమున తెలియవచ్చెను. అది నీటిలో మునిగినచో తిరిగి తేలుట సందేహమని నిపుణులు భయపడిరి. అంత బరువును మోయుటకు ఓడ మరింత నీటిని తొలగింపవలెను. అనగా పరిమాణము పెరుగవలెను. అందుచేత దాని పొడవును సుమారు 10 మీటర్లు పెంచి, నిర్మాణమును మార్చిరి. 1888వ సంవత్సరమున విద్యుచ్ఛక్తితో నడచు జలాంతర్గామిని నిర్మించిన ఇసాక్ పెరాల్ పేరును ధరించిన ఆ ఓడ 2021వ సంవత్సరమున నీటిలోనికి దిగెను. 2023వ సంవత్సరమున నౌకాదళమునకు అప్పగింపబడెను. ఏండ్ల కాలము, అపారమైన ధనము వ్యయమైనవి. ఐనను ఆ దోషము ఓడ నీటిలోనికి దిగకముందే బయటపడెను గనుక ఒక్క ప్రాణమునకైనను హాని కలుగలేదు.

బొమ్మ జలాంతర్గామి మునిగిపోయినచో పోవునది కొన్నినాళ్ళ శ్రమ మాత్రమే. కాని దానిని సరిగా కొలిచి, తూచి, పైకి వచ్చు దారిని ముందుగా ఏర్పరచి, ఆ తరువాతనే మునుగనిచ్చిన విద్యార్థి, పెద్ద ఓడను నిర్మించువారు చేయు పనినే చేసినవాడగును. వారి చేతిలోని సంఖ్యలు టన్నులు, అతని చేతిలోని సంఖ్యలు గ్రాములు. లెక్క మాత్రము ఒక్కటే.